బంగారుపాళ్యం బౌలరు

మన దేశం జట్టు ఆడే రోజు మా వీధిలో ఏ ఇంటికి వెళ్లినా టీవీ ముందు పదిమంది ఉండేవాళ్లు. మా ఇంట్లోనూ ఉండేవాళ్లు. నేనే ఉండేవాణ్ణి కాదు. ఆ వేళకు నేను ఏదో ఒక కాలేజీ మైదానం గట్టు మీద, నెత్తిన తడి తువ్వాలు వేసుకుని, మీసాలు రాని పిల్లలు ఆడే మ్యాచి చూస్తూ కూర్చుని ఉండేవాణ్ణి. నా గురించి మా ఆవిడ పుట్టింట్లో ఇట్లా చెప్పేదట: "ఊరంతా పెండ్లిలో పంక్తికి కూర్చుంటే, ఈయన మాత్రం వంటశాల వెనక కూరగాయలు తరిగేది సూస్తా నిలబడతాడు." ఎగతాళికే అన్నా, ఇంతకంటే సరిగ్గా నా పిచ్చిని ఎవరూ చెప్పలేదు.

నేను తిరుపతిలో ఒక హైస్కూల్లో సోషల్ చెప్పేవాణ్ణి. ఆట నాకు చేతకాదు. చిన్నప్పుడు మా ఇంట్లో పొద్దున దివ్యప్రబంధం పాశురాల సంథ, సాయంత్రం ట్యూషను. మైదానం వైపు పోతే కాళ్లు విరగ్గొడతామనేవాళ్లు. ఆ కోరిక ఎక్కడ దాక్కుందో, పెళ్లయి, ఉద్యోగం వచ్చి, తల నెరవడం మొదలయ్యాక బయటికొచ్చింది. పెద్ద జట్టు గెలుపోటములు నాకు పెద్దగా పట్టేవి కాదు. రేపు ఆ జట్టులోకి ఎవడొస్తాడు, ఇప్పుడు వాడు ఎక్కడున్నాడు, ఏం తింటున్నాడు, ఎవరు చూస్తున్నారు, ఇదీ నా బెంగ. స్కూలు జట్టు నుంచి జిల్లా జట్టుకు, అక్కణ్ణుంచి చుట్టుపక్కల జిల్లాలు కలిపి కట్టే జట్టుకు, ఆ పైన రాష్ట్రం పిల్లల జట్టుకు, దాని మీద పెద్దల జట్టుకు. వినడానికి మెట్లలాగే ఉంటుంది. చూస్తూ కూర్చున్నవాడికి తెలుస్తుంది, అది జల్లెడని.

ఈ పిచ్చిలో నాకొక తోడు ఉండేవాడు, చిత్తూరులో ఆటో సామాన్ల అంగడి పెట్టుకున్న మా బామ్మర్ది. వాడికి ప్రతి ఏడాదీ ఒక మహానుభావుడు దొరికేవాడు. స్కూలుకే ఫోను చేసి, హెడ్మాస్టరుగారి గదిలోకి నన్ను పిలిపించి, "బావా, ఈ తూరి దొరికినాడు, నువ్వు రావాల్సిందే" అనేవాడు. నేను శనివారం సాయంత్రం బస్సెక్కేవాణ్ణి. చంద్రగిరి దాటేసరికి సీటు దొరికేది, చిత్తూరు చేరేసరికి నడుము పట్టేది. మరుసటి రోజు ఆ మహానుభావుడు సున్నాకి అవుటయ్యేవాడు.

పోగొట్టుకున్నవాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. ఎడమచేతి వాటం పిల్లవాడొకడు కవర్స్ మీదుగా కొడితే బ్యాటు చప్పుడు వినడానికే వెళ్లేవాణ్ణి. వాడు పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్నాడు, అదే కొంప ముంచింది. ఎంసెట్ కోసం గోడలున్న కాలేజీలో వేశారు. మళ్లీ కనిపించినప్పుడు కళ్లజోడు పెట్టుకుని ఉన్నాడు. బ్యాటు ఏదిరా అంటే, "అటక మీద ఉండాది సార్" అన్నాడు. ఇంకొక లెగ్ స్పిన్నరుకు ఒక్క వేసవిలో జానెడు పొడుగు పెరిగి బంతి ఎక్కడ పడుతుందో వాడికే తెలియకుండా పోయింది. ఒక వికెట్ కీపరు వాళ్ల నాయన బట్టలంగడిలో గల్లా దగ్గర కూర్చుని లావెక్కిపోయాడు. మరొకడి కుటుంబం చెన్నైకి మారింది. వాడు అక్కడి పిల్లల జట్టుకు ఆడుతున్నాడని తెలిసిన రోజు మా బామ్మర్ది అన్నం ముట్టలేదు. ఇన్నేండ్లు నీళ్లు పోసింది మనం, కాయలు కోసుకున్నది వాళ్లు అని నాతో కొట్లాడాడు, చెన్నైకి నేనే పంపినట్టు.

ఇంతమందిలోనూ నన్ను ఎక్కువ విసిగించినవాడు బంగారుపాళ్యం పిల్లవాడు. చెప్పదలుచుకున్నది వాడి గురించే.

తొంభైల నడిమిలో ఒక వేసవి చివర చిత్తూరులో జిల్లా ఎంపికలు జరిగాయి. తెల్లబట్టలు, కొత్త కిట్లు, వెంట వచ్చిన తండ్రులు, గ్లూకోజు నీళ్లు. మధ్యాహ్నానికి ఎంపిక చేసేవాళ్లు కుర్చీలు మడిచే పనిలో పడ్డారు. అప్పుడొచ్చాడు ఒక పొడుగాటి పిల్లవాడు, ఒళ్లంతా దుమ్ముతో. బంగారుపాళ్యం పక్క పల్లెవాడు. మామిడికాయల ట్రాక్టరు మీద బయలుదేరాడట. గుజ్జు ఫ్యాక్టరీ ముందు బండ్ల వరస కదలకపోతే దిగి, కొంత దూరం నడిచి, బస్సు పట్టుకుని వచ్చాడు. టైము అయిపోయింది పొమ్మన్నారు. మా బామ్మర్ది వాళ్లతో వాదన పెట్టుకుని ఒక్క ఓవరు వేయించేందుకు ఒప్పించాడు.

వాడు బంతి తీసుకుని వెనక్కి నడిచాడు. నడుస్తూనే ఉన్నాడు. బౌండరీ దాటి మేము స్కూటర్లు నిలిపిన చోటిదాకా వచ్చి, అడ్డంగా ఉన్న ఒక స్కూటరును మెల్లగా పక్కకు జరిపి, కాలితో నేల మీద గీత గీసుకున్నాడు. ఆ స్కూటరు ఎంపిక చేసేవాళ్లలో ఒకరిది. ఆయన ముఖం చూసి నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. వాడు పరిగెత్తుకుంటూ మా ముందు నుంచి పోయాడు, చెయ్యి తిరిగింది, పిచ్ మీద పరిచిన నారచాప మీద బంతి పడిన చప్పుడు విన్నాను. బంతి మాత్రం కనిపించలేదు. అవతల బ్యాటు పట్టుకున్నవాడు తిరుపతి డాక్టరుగారి అబ్బాయి, ఆ ఏడాది జిల్లాలో అందరికంటే బాగా ఆడేవాడు. మొదటి బంతికి వాడు తల వెనక్కి తీసుకున్నాడు. రెండోది ఎటో పోయింది. మూడోదానికి మధ్య స్టంపు వెళ్లి కీపరు పక్కన పడింది. మా బామ్మర్ది నా ముంజేయి పట్టుకున్నాడు. గోళ్లు దిగాయి.

ఎవరు నేర్పించారని అడిగితే ఎవరూ నేర్పలేదన్నాడు. ఊళ్లో ఏం చేస్తుంటావంటే తోటలో కోతుల్ని తోలతానన్నాడు. పేరు రాసుకున్నారు. నేను తిరుపతి బస్సులో ఎవరూ అడక్కపోయినా పక్క సీటాయనకు ఈ సంగతంతా చెప్పాను. ఆయన పాకాల దగ్గర నిద్రపోయాడు.

పక్క జిల్లాతో రెండు రోజుల మ్యాచి చిత్తూరులోనే పెట్టారు. నేను మొదటి బస్సుకు వచ్చేశాను. అందరూ ఉన్నారు, వాడు లేడు. అదృష్టం బాగుండి మనవాళ్లు ముందు బ్యాటింగుకు దిగారు. నేనూ మా బామ్మర్దీ స్కూటరు వేసుకుని హైవే మీద లారీల మధ్య పడి బంగారుపాళ్యం పోయాం. అడుగుతూ అడుగుతూ పల్లె పట్టుకుని, పల్లెలో తోట పట్టుకున్నాం. వాడు చెట్టు మీద ఉన్నాడు, చివర వల కట్టిన చిక్కంకట్టెతో కాయలు దించుతూ. కింద వాళ్ల నాయన తలగుడ్డతో, బుట్టల మధ్య. మమ్మల్ని చూసి మర్యాదగా మంచం వేయించి, కాయలు కోయించి పెట్టి, ఏ పని మీద వచ్చినారని అడిగాడు. చెప్పాం.

"ఆట యాడికి పోతాది సామీ, కాయ అయితే పండిపోతాది" అన్నాడాయన.

నేను జిల్లా గురించి, రాష్ట్రం గురించి, దేశం గురించి చెప్పాను. పాఠం చెప్పే అలవాటున్నవాణ్ణి కదా, బాగానే చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, ఎండగా ఉండాది, మజ్జిగ తాగండి అన్నాడు. చివరికి మా బామ్మర్ది కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువగా బతిమాలితే, సరే, ఈ పొద్దుకు తీసకపోండి, పొద్దు గూకే లోపల ఇంట్లో ఉండాల అన్నాడు. పిల్లవాణ్ణి మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని స్కూటరు తిప్పాం. దారంతా వాడు జేబులోంచి ఒక కాయ తీసి కొరుక్కుంటూ కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నం వాడు ఐదుగుర్ని పడగొట్టాడు. అవతలి పిల్లలు బ్యాటింగుకు రావడానికి భయపడి ప్యాడ్లు కట్టుకోవడంలో ఆలస్యం చేశారు. మిగిలినవాళ్లు చివర్లో బ్యాటుకు వచ్చే తోకవాళ్లే, పొద్దున వాడొక గంట బంతి వేస్తే అయిపోతుంది. నేను తిరుపతికి ఫోను చేసి రేపు సెలవు పెడుతున్నానని చెప్పాను.

పొద్దున వాడు రాలేదు. వాళ్ల నాయన ఒక్కరోజుకే కదా ఒప్పుకున్నాడు! ఆయన మాట ఆయన నిలబెట్టుకున్నాడు. ఆ తోకవాళ్లు భోజనాల వేళ దాకా ఆడి మనవాళ్ల స్కోరు దాటేసి పోయారు. మన కెప్టెను గట్టు దగ్గరికొచ్చి, "సార్, మీవాడు యాడ సార్?" అని నన్నడిగాడు, నేను కన్న కొడుకును దాచిపెట్టినట్టు. నేను స్కోరుబోర్డు వైపు తిరిగాను. అక్కడ చూడ్డానికి ఇంకా అన్యాయంగా ఉంది.

అయినా ఆ ఒక్క మధ్యాహ్నం చాలింది. మరుసటి ఏడాది వాణ్ణి నాలుగైదు జిల్లాల జట్టులోకి తీసుకుంటారని ఖాయంగా అనుకున్నాం. కాయలు లేని కాలం చూసి మేము తోటకు పోయి వచ్చాం, వాళ్ల నాయనను మంచి చేసుకున్నాం. పోయిన ప్రతిసారీ ఆయన మజ్జిగ ఇచ్చేవాడు, మేము ఆట గురించి చెప్పేవాళ్లం, వాడు గోడకానుకుని నిలబడి వినేవాడు. బూట్లు కావాలంటే మా బామ్మర్ది కొనిచ్చాడు. వాడు కావాలని అడగలేదు, మేమే అడిగి మేమే కొన్నాం.

ఇంక ఎంపికలు దగ్గర పడ్డాయనగా హైవే మీద ఎవరి మోపెడ్ వెనకనో కూర్చుని పోతూ కింద పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. నాకు ఈ కబురు పరీక్ష పేపర్లు దిద్దుతుంటే తెలిసింది. ఆ రోజు దిద్దిన పేపర్లలో ఎవరికీ మంచి మార్కులు పడి ఉండవు. తిరుపతి తీసుకురండి, ఎముకల డాక్టరు నాకు తెలుసు అని ఫోను చేయించాను. వాళ్ల నాయన అప్పటికే నాటుకట్టు కట్టించడానికి పుత్తూరు తీసుకుపోయాడు. ఆకుపసరు, కోడిగుడ్డు, వెదురుబద్దలు, కట్టు. నేను పుత్తూరుకు పోయి చూశాను. కట్టు కట్టించుకోవడానికి వచ్చినవాళ్ల మధ్య వాడు హాయిగా వేరుశనక్కాయలు ఎడమచేత్తో వొలుచుకుంటూ కూర్చుని ఉన్నాడు. అంత సంతోషంగా వాణ్ణి అంతకుముందు నేను చూడలేదు. అప్పుడు ఆలోచించి ఉండవలసింది. నేను కట్టు వైపే చూశాను.

ఎముక బాగానే అతుక్కుంది. వంకర లేదు, నొప్పి లేదు. కట్టు విప్పిన తర్వాత మొదటిసారి చిత్తూరు నెట్స్‌కు వచ్చిన రోజున నేనూ మా బామ్మర్దీ ముందే పోయి కూర్చున్నాం. వాడొచ్చి కోచ్‌గారి ముందు చేతులు కట్టుకుని, ఇకమీద బౌలింగు చేయను, బ్యాటింగు చేస్తానన్నాడు. కోచ్‌గారు ఒక కాలేజీలో డ్రిల్లు నేర్పి రిటైరైన పెద్దమనిషి, కోపం తెలియనివాడు. ఆయన కూడా టోపీ తీసి నేలకేసి కొట్టాడు.

అంతటి ఫాస్ట్ బౌలరు, ఒక సీజను మొత్తం బ్యాటు పట్టుకుని తిరిగాడు. వాడి బ్యాటింగు గురించి ఏం చెప్పను? కాలు కదిలేది కాదు. బంతి ఎటు వచ్చినా వాడు తోటలో కాయ దించినట్టు పైకే ఊపేవాడు. ఒకసారి తగిలితే చెరువు దాకా పోయేది, పదిసార్లు తగిలేది కాదు. నేను ఎన్నిసార్లు మణికట్టు ఎట్లా ఉందని అడిగినా బాగుండాదనేవాడు. మరి బంతి వెయ్యొచ్చు కదా అంటే నేల చూసేవాడు. మా ఆవిడ మాత్రం, పిల్లోనికి ఇష్టం లేదేమో, వదిలేయకూడదా అని ఒకటి రెండుసార్లు అన్నది. క్రికెట్ గురించి నీకేం తెలుసు అన్నాను.

మళ్లీ బంతి పట్టుకోవడం కూడా వాడు తనంతట తాను చేసింది కాదు. ఆ సీజను చివర ఒక మ్యాచిలో పక్క జిల్లావాళ్లు చివరి వికెట్టుతో నెట్టుకొస్తున్నారు, మన బౌలర్లు అలసిపోయారు, కెప్టెను విసిగిపోయి బంతి వీడి మీదికి విసిరాడు. వాడు బంతిని కాసేపు చూసి, వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. మా బామ్మర్ది పరిగెత్తుకెళ్లి దారికి అడ్డంగా ఉన్న స్కూటరు పక్కకు తీశాడు. మొదటి బంతికే స్టంపు ఎగిరింది. పిల్లలు వాణ్ణి ఎత్తుకుని తిప్పారు. పైన, భుజాల మీద, వాడు బస్సులో కిటికీ పక్క సీటు దొరకనివాడిలా కూర్చుని ఉన్నాడు.

ఆ తర్వాత త్వరత్వరగా జరిగాయి. నాలుగైదు జిల్లాల జట్టుకు ఎక్కాడు. అక్కణ్ణుంచి కోస్తాలో వేసవి శిబిరానికి పిలుపొచ్చింది. మేమిద్దరం చిత్తూరు స్టేషనుకు పోయి రైలెక్కించాం. వాళ్ల నాయన పులిహోర మూట, మామిడి తాండ్ర తెచ్చాడు. బండి కదిలాక మా ముగ్గురిలో కళ్లు తుడుచుకున్నది మా బామ్మర్ది ఒక్కడే.

శిబిరం నుంచి వచ్చాక తిరుపతిలో ఆడాడు. వాణ్ణి చూపిద్దామని మా స్కూలు అయ్యవార్లను కూడా పిలుచుకుపోయాను, చూడండి అని ఎన్నాళ్లుగానో చెబుతున్నాను కదా. వాడు వెనక్కి నడిచి, ఎక్కడో సగంలోనే ఆగిపోయాడు. స్కూటర్లు జరపాల్సిన పని లేకపోయింది. చక్కగా, బుద్ధిగా, స్టంపులకు కాస్త బయట ఒకే చోట బంతి వేస్తున్నాడు. బ్యాట్స్‌మెను చక్కగా, బుద్ధిగా వదిలేస్తున్నాడు. మా సైన్సు అయ్యవారు ఆవులించి, ఇతనేనా అన్నాడు. ఇతనే అన్నాను. శిబిరంలో పరుగు తగ్గించమన్నారట, ఒళ్లు దాచుకుని వేయమన్నారట, రోజంతా వేయాలి కాబట్టి. చెప్పినవాళ్లది తప్పని నేననలేను, వాళ్లు ఆట తెలిసినవాళ్లు. కానీ మేము పంపింది ఒకటి, తిరిగొచ్చింది ఒకటి. పచ్చిమిరపకాయ పంపిస్తే వేయించి ఉప్పు వేసి పంపారని మా బామ్మర్ది అన్నాడు. ఆ రాత్రి మా ఇంట్లో భోజనం చేస్తూ మా బామ్మర్దీ నేనూ శిబిరాన్ని తిట్టుకుంటుంటే, మా ఆవిడ చారు గిన్నె మా మధ్య పెట్టి లోపలికి పోయింది.

రాష్ట్రం పిల్లల జట్టుకు ఒక మ్యాచి ఆడాడు. వికెట్లు కూడా తీశాడు. పేపరు జిల్లా పేజీలో నాలుగు వాక్యాల వార్త వేశారు. అందులో వాడి ఊరు అనంతపురం దగ్గరదని రాశారు. నేను కత్తిరించి దాచుకుందామని కత్తెర తెచ్చి, అది చదివి, కత్తెర తీసుకెళ్లి మళ్లీ లోపల పెట్టేశాను.

ఇంక పెద్దల జట్టు ఒక్క మెట్టు దూరంలో ఉందని మేము లెక్కలు వేసుకుంటున్నప్పుడు, ఆటగాళ్ల కోటాలో వాడికి ఒక ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. వేరే ఊళ్లో. ఆఫీసు జట్టుకు ఆడితే చాలు. మరింకేం, చేరిపోయాడు. కొండకు మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన వాళ్ల నాయన, గుండు మీద గంధంతో, బుట్టెడు కాయలతో మా ఇంటికొచ్చాడు. అరుగు మీద కూర్చోనంటే కూర్చోనని, నా ముందు నిలబడే, "పిల్లోన్ని ఒక దోవకు తెచ్చినారు సామీ" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు. ఆ దోవ నేను తెచ్చిన దోవ కాదు, నేను తేవాలనుకున్నది ఇంకొకటి అని ఆ మనిషికి ఎట్లా చెప్పేది? కాయలు తీసుకున్నాను. చాలా తియ్యగా ఉన్నాయి. వారం రోజులు ఇంట్లో అందరూ తిన్నారు, నాకే ఒక్కటీ సయించలేదు.

తర్వాత చాలా ఏళ్లు వాడి కబురు తెలియలేదు. రెండువేల సంవత్సరం తర్వాత కాలమే మారిపోయింది. పదో తరగతి దాటిన పిల్లవాడు మైదానంలో కనిపించడమే అరుదైపోయింది. నేను రిటైర్మెంటుకు దగ్గర పడ్డాను. మా బామ్మర్ది స్కూటరు అమ్మేసి మోటారుసైకిలు కొన్నాడు. అట్లాంటప్పుడు తిరుపతిలో ఆఫీసుల జట్లకు పోటీలు పెట్టారు. వాడు ఆడటానికి వచ్చి, ముందు రోజు మధ్యాహ్నం అడ్రసు కనుక్కుని మా ఇంటికొచ్చాడు. మీసం, కొంచెం పొట్ట, చేతిలో మిఠాయి పొట్లం. మా ఆవిడ అన్నం పెట్టింది. అదే సమయానికి మా బామ్మర్ది కూడా చిత్తూరు నుంచి దిగాడు, పోటీలు చూడాలని.

ఇంకా ఆడతా ఉండావా నాయనా అని మా ఆవిడ అడిగింది. ఆఫీసు కోసం తప్పదమ్మా అన్నాడు. తప్పదనడం నాకు నచ్చలేదు. అంత చెయ్యి పెట్టుకుని, ఇంకొక రెండేండ్లు ఓపిక పట్టి ఉంటే ఎక్కడ ఉండేవాడివి అని మొదలుపెట్టాను. మొదలుపెడితే నాకు ఆగడం తెలియదు. తోట, పుత్తూరు కట్టు, బ్యాటింగు చేసిన సీజను, శిబిరం, అన్నీ వరుసగా వచ్చాయి. వాడు అన్నం కలపడం ఆపి విన్నాడు. నేను నీళ్లు తాగడానికి ఆగినప్పుడు అన్నాడు.

"సార్, మీరేమీ అనుకోకపోతే ఒక మాట. నాకు బౌలింగంటే ఎప్పుడూ ఇష్టం లేదు సార్."

మా బామ్మర్ది చేతిలో అప్పడం విరిగింది. మరెందుకు వేసినావప్పా ఇన్నేండ్లు అని అడిగాను.

"మీరిద్దరూ ఎండలో అంత దూరం స్కూటరేసుకోని వస్తా ఉంటిరి. మా నాయనే మీకు గట్టిగా చెప్పలేకపాయె. నేనెట్ల సార్ చెప్పేది?"

ఒక్క మాట చెప్పి ఉంటే మేము రావడం మానేసేవాళ్లం కదా అన్నాను. నాకు నిజంగానే కోపం వచ్చింది.

"చెప్పినా సార్. కట్టు ఇప్పినాక చెప్పినా, బ్యాటింగు చేస్తానని. మీరు ఆ సంవత్సరమంతా నాతో సరిగ్గా మాట్లాడలేదు."

అది అబద్ధమని అనబోయాను. మాట్లాడాను. గుర్తు చేసుకుంటే, మాట్లాడినప్పుడల్లా బౌలింగు గురించే మాట్లాడాను. లోపల మా ఆవిడ నవ్వుతున్న చప్పుడు వినిపించింది. వాడు తల వంచుకుని చారు పోసుకున్నాడు. బౌలింగు పోనీ, మరి ఈ ఆటలో నీకేది ఇష్టమని మా బామ్మర్ది దీనంగా అడిగాడు. వాడు కాస్త సిగ్గుపడి, బౌండరీ కాడ నిలబడేది అన్నాడు. ఆడ గాలి బాగుంటాది, ఎవురూ పలకరించరు అన్నాడు.

మరుసటి రోజు మేమిద్దరం పోయాం. వాళ్ల జట్టు ఫీల్డింగుకు దిగింది. వాడు కెప్టెనుతో ఏదో చెప్పి, నేరుగా మేము కూర్చున్న గట్టు ముందుకే వచ్చి నిలబడ్డాడు. వాడికి బంతి ఇవ్వరేమబ్బా అని మా బామ్మర్ది కొంతసేపు గొణిగి, ఇంకొంతసేపు గట్టిగానే అరిచాడు. ఎవరూ ఇవ్వలేదు. వాడు ఓవరుకీ ఓవరుకీ మధ్య మా వైపు తిరిగి కబుర్లు చెప్పాడు. ఫ్యాక్టరీవాళ్లు ఈ ఏడు కాయకు రేటు ఇవ్వలేదని, వాళ్ల నాయన కొన్ని చెట్లు కొట్టేసి వేరుశనగ వేద్దామంటున్నాడని, తనకు ఆడపిల్ల పుట్టిందని. అంత మాట్లాడగలడని నాకు తెలియదు. ఎండలో కళ్లు చికిలించి నవ్వుతూ చెబుతుంటే వినాలనే అనిపించింది, ఎంత విసుగ్గా ఉన్నా.

భోజనాలకు ముందు ఒకడు గట్టిగా కొట్టిన బంతి నేల మీద దొర్లుకుంటూ మా వైపు వచ్చింది. బ్యాట్స్‌మెన్ తీరిగ్గా రెండో పరుగుకు తిరిగారు. వాడు వంగి, ఒంటి చేత్తో బంతి తీసి, నిలబడ్డ చోటు నుంచే విసిరాడు. అది ఎక్కడా నేల తాకకుండా, మనిషి ఎత్తులో తిన్నగా పోయి కీపరు చేతుల్లో పడింది. పరిగెత్తేవాడు దారిలోనే ఆగిపోయి బ్యాటు దించేశాడు.

నేనూ మా బామ్మర్దీ లేచి నిలబడి ఉన్నాం. ఎప్పుడు లేచామో తెలియదు. మా బామ్మర్ది నా వైపు తిరిగి, "బావా" అనబోతూ నోరు తెరిచాడు. బౌండరీ దగ్గర వాడు అది చూసి రెండు చేతులూ జోడించి, "కూర్చోండి సార్, మీకు దండం పెడతా" అన్నాడు.